ఉప్పు తగ్గించి వండడం: చాలా ఏళ్లకు మళ్లీ గరిటె పట్టినవారికి సమగ్ర మార్గదర్శి

"డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. బయటి తిండి మానేసి చాలా ఏళ్లకు మళ్లీ వంటింట్లోకి వచ్చాను. ఏం వండినా చప్పగానే ఉంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" రకరకాల మాటల్లో ఇదే ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఓ ముక్క చెప్పడం కన్నా మొత్తం పద్ధతి ఒక్కచోట రాయడం మేలనిపించింది.

పాత వంటను పాత పద్ధతిలోనే వండి, ఉప్పు మాత్రం సగం వేస్తే మిగిలేది చప్పిడి కూరే. మార్చాల్సింది వంట వరుసని. మొదట్లో వేసే ఉప్పును చివరికి జరపాలి. అది ఖాళీ చేసిన చోటును వేయింపు, మసాలా, పులుపు నింపాలి. ఇది చేతికి అలవాటవడానికి ఒక నెల పడుతుంది. కింద ఇచ్చిన వరుసలోనే వెళ్లండి, మధ్యలోంచి మొదలుపెట్టొద్దు.

## 1. గిన్నె పొయ్యి మీద పెట్టకముందు: డాక్టరుతో తేల్చుకోవాల్సినవి

"తగ్గించండి" అన్న మాట ఒక్కటే పట్టుకుని ఇంటికి రావద్దు, అంకె అడగండి. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2000 మిల్లీగ్రాముల లోపు సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. గుండె, కిడ్నీ సమస్యలున్నవారికి, నీరు పోయే మాత్రలు వాడేవారికి డాక్టరు చెప్పే అంకె వేరుగా ఉండొచ్చు. మీకు చెప్పిందే మీ అంకె.

అడిగి రాసుకోవాల్సినవి:

- రోజుకు ఎంత? అది ఉప్పు లెక్కా, సోడియం లెక్కా?
- ఒక్కసారిగా తగ్గించాలా, మెల్లగా తగ్గించవచ్చా?
- తాగే నీళ్ల మీద పరిమితి ఉందా?
- తల తిరగడం, విపరీతమైన నీరసం, తికమక లాంటివి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?
- సోడియం తక్కువ ఉప్పు నాకు పడుతుందా?

ఆ చివరి ప్రశ్నను దాటేయకండి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవారిలోనూ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారిలోనూ రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. అడగకుండా కొనవద్దు. అలాగే ఉప్పు తగ్గించాం కదా అని మాత్రలు సొంతంగా మానేయొద్దు.

ఇక రంగు ఉప్పులు, రాతి ఉప్పు, సముద్రపు ఉప్పు. తూకానికి తూకం వేసి చూస్తే అన్నింటిలోనూ సోడియం దాదాపు ఒకటే. ఎక్కువ డబ్బు పోసి కొన్నంత మాత్రాన లెక్క మారదు. ఎలాగూ తక్కువే వాడతారు కాబట్టి ఆ తక్కువ అయోడిన్ కలిపినదైతే మంచిది.

## 2. ఇప్పుడు ఎంత వాడుతున్నారో ముందు లెక్క తేల్చండి

మెల్లగా తగ్గించవచ్చని డాక్టరు చెప్పి ఉంటే మొదటి వారం ఏమీ మార్చకండి, కొలవండి చాలు.

సులువైన పద్ధతి ఇది. ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజున లెక్క కట్టండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 25 రోజుల్లో అయిపోతే, 1000ని 4తో, ఆపైన 25తో భాగించండి. మనిషికి రోజుకు 10 గ్రాములు. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు రెట్టింపు, అదీ ప్యాకెట్ తిండిలోని ఉప్పు కలపకుండా. ఊరవేయడానికి వాడినదీ, ఉడికించిన నీళ్లతో పారబోసినదీ ఉంటే ఆ మేరకు తీసేయండి.

ప్యాకెట్ అయ్యేదాకా ఆగలేకపోతే ఉప్పు డబ్బాను ఈరోజు తూచి, వారం తరవాత మళ్లీ తూచండి.

ఇంకో పని: మీ "చిటికెడు" ఎంతో తెలుసుకోండి. కాగితం మీద పది చిటికెలు వేసి తూచి, పదితో భాగించండి. నా పది చిటికెలు 7 గ్రాములు తూగాయి. అదే ఇంట్లో సన్నటి వేళ్లున్న మా అమ్మాయివి 4 కూడా రాలేదు. "చిటికెడు ఉప్పు" అని రాసిన వంటకాన్ని చూస్తే అప్పటినుంచీ నాకు నమ్మకం లేదు.

## 3. దాగిన ఉప్పును బయటికి లాగండి

చేత్తో వేసే ఉప్పు కళ్లకు కనిపిస్తుంది. ప్యాకెట్లలోది కనిపించదు. ఒక గంట కేటాయించి అల్మారా, ఫ్రిజ్ ఖాళీ చేసి ప్రతి ప్యాకెట్ వెనుకా చదవండి.

లెక్క: సోడియం అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. 100 గ్రాముల పదార్థంలో సోడియం 120 మిల్లీగ్రాముల లోపుంటే తక్కువ, 600 దాటితే ఎక్కువ అని గుర్తుపెట్టుకోండి. ప్యాకెట్ మీద అంకె 100 గ్రాములకు ఇచ్చారా, ఒక వడ్డనకు ఇచ్చారా అన్నది చూడటం మరవొద్దు. వడ్డన పరిమాణాన్ని చిన్నగా చూపిస్తే అంకె కూడా చిన్నగానే కనిపిస్తుంది.

తప్పకుండా చూడాల్సినవి:

- బ్రెడ్, బిస్కెట్లు (తియ్యటివి కూడా)
- చీజ్, ఉప్పు వెన్న
- సాస్‌లు. ఒక టేబుల్ స్పూను సోయా సాస్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది
- రెడీమేడ్ మసాలా పొడులు, సూప్ పొడులు, నూడుల్స్ మసాలా పొట్లాలు
- ఊరవేసినవి, డబ్బాల్లో నిల్వ చేసినవి
- వంట సోడా. టీస్పూనుకు సుమారు 1250 మిల్లీగ్రాముల సోడియం
- నీళ్లలో వేస్తే బుస్సున పొంగే మాత్రలు. వీటిలో చాలావాటిలో సోడియం బాగా ఉంటుంది, వంటింటి లెక్కలోకి రాదని మరిచిపోతుంటాం

ఎక్కువ ఉన్నవన్నీ పారేయనక్కర్లేదు. ఒక అరలోకి మార్చి, అవి వాడిన రోజున చేత్తో వేసే ఉప్పు తగ్గించండి. డబ్బా చిక్కుడు గింజల్లాంటివైతే ద్రవం వంపేసి బాగా కడిగితే సోడియంలో మూడో వంతుకు పైగా పోతుంది.

## 4. రోజు గిన్నె

పద్ధతి మొత్తానికి ఇది ఇరుసు. మిగతావన్నీ మరిచినా దీన్ని పట్టుకోండి.

మెత్తని ఉప్పు ఒక టీస్పూను, తల సమంగా గీసి తీస్తే, సుమారు 6 గ్రాములు. పావు టీస్పూను 1.5 గ్రాములు, అంటే 600 మిల్లీగ్రాముల సోడియం. గళ్ల ఉప్పు అదే స్పూనులో తక్కువ తూగుతుంది. అందుకే ఏదో ఒక్క రకమే వాడండి. ఆ రకాన్ని ఒకసారి మీ స్పూనుతో తీసి తూచి, డబ్బా మీద అంకె రాసేయండి.

రోజూ ఉదయం ఇంట్లో అందరికీ కలిపి ఆరోజు ఉప్పును ఒక చిన్న గిన్నెలోకి తీయండి. డాక్టరు వేరే అంకె ఇవ్వకపోతే పెద్దవాళ్లకు మనిషికి 3 గ్రాములు (మెల్లగా తగ్గించేవారు 9వ భాగంలోని వరుసలో నాలుగో వారానికి ఇక్కడికి చేరాలి). మిగతా 2 గ్రాములు బ్రెడ్‌కీ, ప్యాకెట్ సరుకుకీ, బయటి తిండికీ వదిలేయాలి. ఇద్దరున్న ఇంటికి సరిగ్గా ఒక టీస్పూను. పిల్లలకు ఇంకా తక్కువ చాలు.

పెద్ద డబ్బా పై అరలోకి వెళ్లిపోవాలి, చేయి చాస్తే అందకూడదు. రోజంతా వంటకు ఆ గిన్నె నుంచే. మధ్యాహ్నానికే అయిపోతే రాత్రి వంట ఉప్పు లేకుండానే. గిన్నె పెట్టిన మొదటి వారంలో నాకు మూడు రాత్రులు అలాగే గడిచాయి. నాలుగో రోజు నుంచి చేయి దానంతటదే దాచుకోవడం నేర్చుకుంది.

## 5. నాలుకకు ముందు ఒక పాఠం

వంట మొదలుపెట్టేముందు ఒక సాయంత్రం ఇది చేయండి. టమాటాలు ఉడికించి మెదిపి, ఉప్పు లేకుండా పలుచటి చారులా కాచి మూడు కప్పుల్లో పోయండి.

- మొదటి కప్పులో ఏమీ కలపకండి.
- రెండో దానిలో నాలుగైదు చుక్కల నిమ్మరసం.
- మూడో దానిలో ఒక చిటికెడు ఉప్పు.

మొదటిది, రెండోది, మూడోది అదే వరుసలో రుచి చూడండి. తరవాత రెండోదానిలో మూడోదానిలో వేసిన దాంట్లో సగం ఉప్పు కలిపి మళ్లీ చూడండి. చాలామందికి ఆ సగం ఉప్పు కప్పే పూర్తి ఉప్పు కప్పుకు దగ్గరగా అనిపిస్తుంది. పులుపు తోడైతే ఉప్పు రుచి ఎక్కువగా తెలుస్తుంది. చదివితే ఒంటబట్టదు, నాలుక మీద పడాల్సిందే.

కూరలో "ఏదో తక్కువైంది" అనిపించినప్పుడల్లా మన చేయి ఉప్పు డబ్బా మీదికే పోతుంది. నిజానికి సగం సార్లు తక్కువైంది పులుపే.

## 6. వంట వరుస

### 6.1 తడి తుడవండి, గిన్నె నింపేయొద్దు

ఎర్రగా వేగిన అంచులోనే రుచి ఉంది. నీళ్లున్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. వేగి రంగు తిరగాలంటే సుమారు 140 డిగ్రీలకు పైన ఉండాలి. కాబట్టి కూరగాయ ముక్కలైనా, పుట్టగొడుగులైనా, మాంసమైనా ముందు గుడ్డతో తడి అద్దండి. నూనె కాగాక ఒకే వరుసగా పరిచి, ఒకటి రెండు నిమిషాలు కదపకుండా వదలండి. ముక్కలు ఎక్కువుంటే రెండు విడతలుగా వేయించండి.

అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి అవి ఉడుకుతాయి తప్ప వేగవు. ఉప్పు దండిగా వేసే రోజుల్లో ఈ తప్పు కప్పబడిపోయేది. ఇప్పుడు దాచే దిక్కు లేదు.

### 6.2 ఉల్లిపాయకు ఉప్పు వేయకండి

తొందరగా మగ్గుతుందని ఉల్లిపాయల్లో ఉప్పు వేసే అలవాటు చాలామందిది. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది కాబట్టి ఆ మాట నిజమే. కానీ రోజు గిన్నెలో సగం అక్కడే కరిగిపోతుంది. బదులుగా రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెట్టండి. మెత్తబడ్డాక మూత తీసి నీరు ఇగరనిచ్చి దోరగా వేయించండి. మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

వెల్లుల్లి ఉల్లిపాయ తరవాతే. ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. ఉప్పు తక్కువున్న కూరలో ఆ చేదు రెట్టింపుగా తెలుస్తుంది.

### 6.3 మసాలాను నూనెలో విప్పండి

మసాలా దినుసుల సువాసనలో చాలా భాగం నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది. కాబట్టి నీళ్లు పోయకముందే సన్న సెగ మీద నూనెలో వేయాలి. గింజలైతే చిటపటలాడేదాకా, పొడులైతే 20, 30 సెకన్లు. అంతకు మించితే మాడతాయి. మాడేలా ఉంటే వెంటనే ఒక చెంచా నీళ్లు చల్లండి.

మిరియాలు, జీలకర్ర గింజలుగానే కొని, కొద్దికొద్దిగా వేయించి పొడి చేసుకోండి. ఏడాది కిందటి పొడి డబ్బాలో రంగే ఉంటుంది, వాసన ఉండదు. కారం పెంచి ఉప్పు లోటు పూడ్చాలని చూడొద్దు. నోరు మండుతుంది, చప్పదనం అలాగే ఉంటుంది.

### 6.4 కమ్మదనం ఇచ్చేవి

టమాటాను నూనె తేలేదాకా దగ్గరగా వేయించడం, పుట్టగొడుగులను ఎర్రగా వేయించడం, ఎండు పుట్టగొడుగులు నానబెట్టి ఆ నీళ్లు వడకట్టి పులుసులో పోయడం. ఇవి ఉప్పు లేకుండానే కూరకు బరువునిస్తాయి. ఉప్పు లేని వేరుశనగ, నువ్వులు వేయించి బరకగా దంచి పైన చల్లినా పనిచేస్తుంది.

### 6.5 పులుపు రెండుసార్లు

టమాటా లాంటి ఉడికే పులుపు మధ్యలో, నిమ్మరసం లేదా వెనిగర్ పొయ్యి కట్టేశాక. నిమ్మను మరిగిస్తే వాసన పోతుంది.

గింజలు, పప్పు దినుసులు ఉడికేటప్పుడు మాత్రం ముందే పులుపు వేయకండి, మెత్తబడవు. పూర్తిగా ఉడికాకే. తొందరగా ఉడకాలని సోడా వేస్తే ఏమవుతుందో పైన లెక్కలో చూశారు. రాత్రంతా నానబెట్టడమే మార్గం.

### 6.6 ఉప్పు చిట్టచివర

పొయ్యి కట్టేసే రెండు నిమిషాల ముందు. పొడి కూరలకైతే దించాక పైన చల్లండి. ముక్క మీద ఉన్న ఉప్పు నాలుకకు తిన్నగా తగులుతుంది, లోపల ఇంకిన ఉప్పు అంతగా తెలియదు.

పులుసుల్లో ముందు వేసినా వెనక వేసినా కలిసిపోయేదే కదా అంటారా? అక్కడ కారణం వేరు. మరుగుతున్న కొద్దీ నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. మొదట్లో సరిపోయిందనుకున్నది చివరికి ఎక్కువవుతుంది. చివర వేస్తే ఉన్న నీటికి తగ్గట్టు వేస్తాం.

### 6.7 రుచి చూసే పద్ధతి

సలసల మరుగుతున్నది నాలుక మీద వేసుకుంటే ఏదీ సరిగ్గా తెలియదు. చిన్న పళ్లెంలో ఒక చెంచా తీసి, తినే వేడికి వచ్చేదాకా ఆగండి. ఆపైన ఈ వరుసలో అడుగుతూ పోండి:

- పులుపు చాలిందా? ముందు అదే సరిచేయండి.
- వాసన ఉందా? తాజా ఆకులు, మిరియాల పొడి.
- పలుచగా ఉందా? ఇంకో ఐదు నిమిషాలు ఇగరనివ్వండి.
- ఇవన్నీ అయ్యాక కూడా లోటుంటేనే గిన్నెలోంచి ఉప్పు.

## 7. మొండికేసే పదార్థాలు

చేదు కూరగాయలు, ఆకులు. ఉప్పుకు చేదును అణచే గుణం ఉంది. ఉప్పు తగ్గించగానే నిన్నటిదాకా బాగున్న కూరగాయ ఒక్కసారిగా చేదనిపిస్తుంది. కూరగాయ మారలేదు. ఒక నిమిషం మరిగే నీళ్లలో వేసి తీయండి, లేదా అంచులు ఎర్రబడేలా వేయించండి. ఇంకాస్త నూనె, పెరుగు, నువ్వుల పొడి కూడా చేదును మెత్తబరుస్తాయి.

బంగాళాదుంపలు. ఉప్పు లేకుండా ఉడికించిన దుంప లోపల చప్పగానే ఉంటుంది. ఇది దాచే విషయం కాదు. పెద్ద ముక్కలు మానేయండి. చిన్నగా కోసి వేయిస్తే అంచులు ఎక్కువ, లోపలి భాగం తక్కువ.

అన్నం. ఉప్పు వేసి వండే అలవాటుంటే మొదట దీనిలో మానేయండి. పక్కన కూర ఉంటుంది కాబట్టి నాలుగు రోజుల్లో ఎవరికీ గుర్తుండదు.

గుడ్లు. వండేటప్పుడు వేయకుండా, పళ్లెంలో పెట్టాక మిరియాలు, నాలుగు రవ్వల ఉప్పు.

నిల్వకు ఊరవేసేవి. వీటిలో ఉప్పు తగ్గించే ప్రయోగం చేయొద్దు. అక్కడ ఉప్పు పని రుచి ఇవ్వడమే కాదు, పాడు చేసే సూక్ష్మజీవులను ఆపడం కూడా. తినేది తగ్గించండి.

## 8. పొరపాట్లు, సవరణలు

ఉప్పు ఎక్కువైంది. బంగాళాదుంప వేస్తే పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. అది కొంత ఉప్పునీటిని పీలుస్తుంది, మిగిలిన పులుసు ఉప్పదనం అలాగే ఉంటుంది. ఉప్పు వేయని నీళ్లో, టమాటానో, ఉడికిన గింజలో కలిపి పరిమాణం పెంచండి. సగం తీసి దాచండి.

పులుపు ఎక్కువైంది. ఉప్పుతో సరిచేయాలని చూస్తే రెండూ ఎక్కువవుతాయి. వేయించిన ఉల్లిపాయ ముద్ద, కాస్త నూనె, లేదా చిటికెడు చక్కెర.

అన్నీ వేశాను, అయినా చప్పగా ఉంది. దాదాపు ఎప్పుడూ వేయింపు చాలకపోవడమే కారణం. ఇంకో చిన్న మూకుడులో ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఎర్రగా వేయించి కూరలో కలపండి.

అందరూ బల్ల మీద మళ్లీ ఉప్పు చల్లుకుంటున్నారు. బల్ల మీది డబ్బా తీసేసి నిమ్మ ముక్కలు, మిరియాల పొడి పెట్టండి. ఉప్పు కావాలన్నవారు లేచి వెళ్లి తెచ్చుకోవాలి. చాలామంది లేవరు.

సాయంత్రమయ్యేసరికి ఉప్పగా ఏదైనా తినాలనిపిస్తోంది. ఉప్పు లేని వేయించిన గింజల మీద నిమ్మరసం, కారం కలిపి ఒక గిన్నె సిద్ధంగా ఉంచండి. ఆకలేసినప్పుడు వండుకుందామంటే ప్యాకెట్ చించడమే జరుగుతుంది.

## 9. వారానికి ఎంత

డాక్టరు మెల్లగా తగ్గించవచ్చని చెబితేనే ఇది. 10 గ్రాముల దగ్గర మొదలైనవారి ఉదాహరణ, ప్యాకెట్ తిండితో కలిపి:

- 1వ వారం: కొలత మాత్రమే
- 2వ వారం: 8 గ్రాములు. అన్నంలో, ఉల్లిపాయల్లో ఉప్పు మానేయడంతోనే చాలామంది ఇక్కడికి వస్తారు
- 3వ వారం: 6.5 గ్రాములు. సాస్‌లు, రెడీమేడ్ పొడులు ఎక్కువ ఉప్పున్నవాటి అరలోకి
- 4వ వారం: 5 గ్రాములు. రోజు గిన్నె మనిషికి 3 గ్రాములకు

మూడో వారం కష్టం, ముందే చెబుతున్నాను. నాలుక కొత్త స్థాయికి అలవాటు పడటానికి చాలా వారాలు పడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు కూడా. ఆ వారంలో కొత్త వంటకాలు ప్రయత్నించకండి. బాగా వచ్చిన రెండు మూడింటినే తిప్పి తిప్పి వండండి.

## 10. వండి దాచుకునే రోజు

బయటి తిండికి మళ్లీ జారిపోయేది అలసిపోయిన సాయంత్రాల్లోనే. వారానికి ఒక రోజు కూర పూర్తిగా వండేకన్నా మూలాలు వండి దాచండి: ఉప్పు లేని ఉల్లి, టమాటా ముద్ద, ఉడికించిన గింజలు, వేయించి దంచిన మసాలా. ఉప్పు, పులుపు తినేరోజే.

- వండినది లోతు తక్కువ డబ్బాల్లో పరచి చల్లార్చండి. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి.
- అన్నం ఇంకా తొందరగా. దానిలో మిగిలే బ్యాక్టీరియా బీజాలు గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా అది పోదు.
- ఫ్రిజ్ 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ.
- కూరలు, ముద్దలు 3, 4 రోజుల్లో వాడేయండి. మిగతావి గడ్డకట్టించండి.
- డబ్బా మీద తేదీతో పాటు "ఉప్పు లేదు" అని రాయండి. రాయకపోతే ఉంది లెమ్మని ఒకరు, లేదు లెమ్మని ఇంకొకరు వేస్తారు.

## 11. నెలాఖరు తనిఖీ

- ఉప్పు డబ్బా మళ్లీ తూచి, మనిషికి రోజుకు ఎంతో తేల్చండి. మొదటి వారం అంకె పక్కనే రాయండి.
- ఇంట్లో బీపీ చూసుకునేవారు ఒకే వేళకు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసిన కాగితం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మందుల మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు.
- మూడు కప్పుల పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి మూడో కప్పు ఎలా ఉందో ఇంట్లో అందరినీ అడగండి. మా ఇంట్లో పోయినసారి ఆ కప్పే బాగుందన్న మనిషి, ఈసారి ఒక గుక్క తాగి పక్కన పెట్టి మంచినీళ్లు అడిగారు.